మూడు మిల్లీమీటర్లు

కూహ్మోలో ఫిబ్రవరి. షెడ్డు తలుపు సందులోంచి
మంచు లోపలికి తొంగి చూస్తోంది.
పొయ్యి మీద కాఫీ కాగి కాగి తారైంది.
కారును పాత టైర్ల మీద పక్కకు పడుకోబెట్టాం,
జబ్బు చేసిన ఆవును ఒరిగించినట్టు.
హిల్లా స్క్రూడ్రైవర్‌తో దాని కడుపు పొడుస్తోంది.
టంగుమన్న చోట సుద్దముక్కతో సున్నా,
మెత్తగా దిగిన చోట ఇంటూ.
ఇంటూలే ఎక్కువ.

నేల రేకు సున్నా పాయింట్ ఎనిమిది.
తుప్పు తిన్న చోట కాలిపర్ ఏం చెప్పాలో తెలియక తడబడింది.
దాని మీదే రోల్‌కేజ్ నిలబడాలి.
కారు బోర్లా పడితే
బరువంతా ఆ ఆరు పాదాల్లోంచే దిగాలి.
పాదం కింద పీట లేకపోతే
గొట్టం రేకులోకి దిగిపోతుంది,
మీగడలో వేలు దిగినట్టు.

నేను ఐదు మిల్లీల పలక తెచ్చాను,
రంపపు మిల్లు మూసేసిన ఏడాది దాచుకున్నది.
ఎత్తుతుంటే నడుం పలికింది.
"ఇది వేస్తే ఇంక దిగుల్లేదు" అన్నాను.

హిల్లా పలకను వేలితో కొట్టి వింది.
"ఇది వంగదు నాన్నా.
వంగనిది పక్కదాన్ని చింపుతుంది.
పాత చొక్కాకి జీన్సు గుడ్డ మాసికేస్తావా?
మూడు చాలు. రూల్సు పుస్తకంలోనూ మూడే.
మిగతా రెండూ ఎందుకు?"

నేను పొయ్యిలోకి కట్టె తోశాను.
ఎందుకో దానికి తెలుసు.
మా తమ్ముడు ఉర్హో హెల్మెట్
ఇదే గోడకు వేలాడుతోంది,
ఇరవై రెండేళ్లుగా అందులో మేకులు పోసుకుంటున్నాం.

సరే, మూడు. తర్వాత పనిముట్ల తగువు.
రేకు కత్తెర ఒకటిన్నర దాటితే మొరాయిస్తుంది.
నిబ్లర్ నెలవంక ముక్కలు ఉమ్ముకుంటూ పోతుంది గానీ
మూడు మిల్లీలు దాని గొంతుకు పట్టవు.
మిగిలింది గ్రైండర్, నా చెవుల శత్రువు.
ముందు ఓట్స్ డబ్బా అట్టను కత్తిరించి
గుమ్మం మలుపుకు అతికేదాకా సరిచేసింది.
మూలల్లో కాఫీ కప్పు బోర్లించి గుండ్రంగా గీసింది.
పదునైన మూల ఉంటే బీట అక్కడే పుడుతుంది,
అది నేనే నేర్పాను. మరిచిపోయాను కూడా.

"మంట మందమైన దాని మీదే నిలుపు,
పల్చటిదాని మీదికి ఊరికే ఒలకనీ" అంటూనే
రెండు చోట్ల రేకుకు కన్నం పెట్టాను.
అంగుళం కుట్టి, అవతలి మూలకు పోయి,
చల్లారాక మళ్ళీ వచ్చి,
వెనక ఎడమ పాదం దగ్గర చెయ్యి పట్టింది గానీ
కన్ను పట్టలేదు.
గుడ్డిగా కుట్టాను.

మే నెల, కంకర గుంత ట్రాక్. హిల్లా తొమ్మిదోది.
కారు ఒక్కసారి కూడా బోర్లా పడలేదు.
ఇక్కడ పందేలకు ఒక పద్ధతుంది:
ఆట అయ్యాక నీ కారును ఎవరైనా అడగొచ్చు,
అందరికీ ఒకటే ధర,
ఇవ్వనంటే మళ్ళీ నిన్ను ఆడనివ్వరు.
డబ్బున్నవాడు ఖరీదైన కారు కట్టకుండా పెట్టుకున్నది.
నేనూ చెయ్యెత్తి ఒప్పుకున్నదే.

మూడు చీటీలు వేశారు.
సోత్కమో నుంచి వచ్చిన ఎయిలా అనే ఆవిడకు తగిలింది.
పక్కన కొడుకు, గొంతు ఇంకా మారుతున్న కుర్రాడు.
ఆవిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
నేను లెక్కపెట్టకుండా జేబులో కుక్కుకున్నాను.

ట్రైలర్ కదలబోతుంటే పరుగెత్తి కిటికీ తట్టాను.
"వెనక, ఎడమ పాదం. లోపలి కుట్టు
నాకు కనపడలేదు. అద్దం పెట్టి చూడండి.
అనుమానం వస్తే కోసేసి మళ్ళీ వేయించండి."

కుర్రాడు వంగి అడిగాడు, "పలక ఎంత మందం?"

నేను నోరు తెరిచేలోగా
హిల్లా నా వెనక నుంచి చెయ్యెత్తింది,
గ్రీజు అంటిన వేళ్లు, మూడు.